కుంకుమ అంగడి డాక్టరమ్మ

మా అక్క డాక్టర్ సుగుణ పరమపదించింది. ఈ దుర్వార్త విని కదిరి పట్టణం యావత్తూ దిగ్భ్రాంతికి లోనైంది అని మొదలుపెట్టాలట. సంస్మరణ సంచికకు వ్యాసం అడిగిన సంపాదకుడు ఆ వాక్యం కూడా తానే చెప్పి పోయాడు. పట్టణం సంగతి ఏమో గానీ, నేను మాత్రం మొదట నమ్మలేదు, తర్వాత చిన్నపిల్లవాడిలా ఏడ్చాను, ఆ తర్వాత నాకు కోపం వచ్చింది. కర్మకాండ ముగిసినా ఆ కోపం నన్ను వదలలేదు. కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కడైనా మర్యాద తక్కువైతే పాఠకులు మన్నించాలి.

కోపం ఎందుకంటే, ఆమె పోయింది గుండెపోటుతో. అంతకు ముందు వారమంతా మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, ఎడమ భుజం లాగుతోందని నాతో తానే చెప్పింది. కారు మాట్లాడతాను, అనంతపురం పోదాం పద అంటే, "ఈ వారం పసిబిడ్డలు వస్తాండార్రా. వచ్చే వారం చూస్తాములే" అంది. "చూస్తాములే" అన్న మాట ఎవరి నోట విన్నా అగ్గిమీద గుగ్గిలమయ్యే మనిషి! ఆ ఒక్క మాట మీద ఎంతమంది తల్లులను, తండ్రులను, అవ్వలను ఆమె దులిపేసిందో లెక్కలేదు. చివరికి తన దాకా వచ్చేసరికి అదే మాట అని, సాయంకాలం కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే కుర్చీలో ఒరిగిపోయింది. ఇట్లాంటి మనిషిని ఏమనాలి?

మరునాటికి బజారులో ఫ్లెక్సీ వెలిసింది. "చిరునవ్వుల డాక్టరమ్మకు అశ్రునివాళి" అని పెద్ద అక్షరాలు. మా అక్క చిరునవ్వును ఈ ఊళ్లో చూసినవాళ్లెవరైనా ఉంటే నా ఎదుటికి రావాలి. ఆ ఫోటోలో కూడా ఆమె నవ్వడం లేదు, ఎండకు కళ్లు చిట్లించింది. పోయినవాళ్లందరినీ ఒకే మూసలో పోసి శాంతమూర్తులను చేయడం నాకు గిట్టదు. ఆమె గొంతు నొప్పెట్టేదాకా కోప్పడేది. కోపం దిగాక బిడ్డను ఎత్తుకుని, మొదటినుంచి మళ్లీ ఓపికగా చెప్పేది. ఆ రెండో సగం కోసం మొదటి సగాన్ని భరించినవాళ్లే ఆమెను ప్రేమించినవాళ్లు. అందులో నేనొకణ్ణి.

మాది కుంకుమ వ్యాపారం. మా నాయన కాలంనుంచీ బజారులో అదే అంగడి. అక్క చిన్నప్పుడు బడికి పోతే అరచేతులు ఎర్రగా ఉన్నాయని పిల్లలు ఏడిపించేవారు. అట్లాంటి పిల్ల వైద్యవిద్య అభ్యసించి, శిశువైద్యంలో నిష్ణాతురాలై, పెద్ద ఊళ్లలో వచ్చిన అవకాశాలను కాదని, వచ్చి మా అంగడి మేడ మీదనే దవాఖానా పెట్టుకుంది. మెట్ల దారి కుంకుమ మూటల పక్కనుంచే కాబట్టి, పైకి పోయే ప్రతి తల్లి పాదాలకూ ఇంత కుంకుమ అంటుకునేది. గచ్చంతా ఎర్రటి అడుగులే. "నా దవాఖానాకు వస్తాండారో, పేరంటానికి వస్తాండారో తెలీదు" అని ప్రతి సాయంకాలం నా మీద గొణుగుతూ తానే కడుక్కునేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగిన బంధువులను కూడా పిల్లల తండ్రులను తిట్టినట్లే తిట్టి పంపేది.

మేడ మీద తలుపు పక్కన ఒక కొళాయి ఉండేది. బిడ్డ ముఖం కడగనిదే ఆమె ముట్టుకునేది కాదు. బుగ్గ మీద దిష్టిచుక్క, కళ్లకు కాటుక, వీటన్నిటి మీద పౌడరు. ఇదంతా పోవాలి, ఒంటి మీద గుడ్డ కూడా తీయాలి. "నేను బిడ్డను చూడల్ల, మీ కాటుకను కాదు" అనేది. దిష్టి తగులుతుందని ముసలమ్మలు గొడవ పడేవారు. తగిలితే నాకే తగలనీ, ముందు కడగండి అనేది. ఈ చాదస్తం ఎందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు. పసిబిడ్డ ముఖం మీద ఏదైనా ఎర్రమచ్చ కనిపిస్తే మా జనం చేసే మొదటి పని దాన్ని నల్లగా కప్పేయడమని తర్వాత తెలిసింది.

ఎర్రమచ్చల మీద ఆమెకున్న పట్టు అట్లా మొదలైంది. ఎన్ని వందలసార్లు విన్నానో, ఆమె చెప్పే మాటలు నాకు కంఠతా వచ్చేశాయి. "ఇవి చర్మం కింద సన్నటి నెత్తురు నాళాలు ఎక్కువై వచ్చే మచ్చలప్పా. అన్నీ ఒక రకం కాదు. మెడ వెనకాల పల్చగా ఉండేది పోయినా ఉన్యా ఏమీ చేయదు, దాన్ని ముట్టుకోవద్దు. పండు టమాట మాదిరి ఉబ్బేది మొదటి నెలల్లో గబగబా పెరుగుతాది, మళ్లా ఏండ్లు గడిచేకొద్దీ తగ్గుతాది. చానావాటికి మందే అక్కర్లేదు. అయితే కంటి కాడ, ముక్కు కాడ, పెదవి కాడ, గొంతు కాడ వస్తే మాత్రం కాసుకొని కూర్చోకూడదు. పగిలి పుండైనా కూర్చోకూడదు. పెరిగేది మొదటి నెలల్లోనే గాబట్టి ఆపేది గూడా అప్పుడే." తల్లి ఏడుస్తూ ఉంటే చివర ఇంకో మాట చేర్చేది. "గ్రహణం చూసినావనో, ఏదో తిన్నావనో వచ్చింది కాదు. నువ్వేమీ చేయలేదు. ఎవరన్నా అంటే నా కాడికి పంపీ."

ఇంత తేటగా చెప్పినా వినేదెవరు? మందు వద్దు పొమ్మంటే అలిగి ఇంకొక డాక్టరు దగ్గరికి పోయి పూతమందు రాయించుకునేవారు. మందు వేయాలి రమ్మంటే ఇంట్లో పెద్దలను అడిగి వస్తామని పోయి, బిడ్డకు నడక వచ్చాక వచ్చేవారు. ఒకాయన బిడ్డ వీపు మీది మచ్చకు ఎవరి చేతో వాత పెట్టించి, అది పుండై నెత్తురు కారుతుంటే తువ్వాలలో చుట్టుకుని వచ్చాడు. ఆ రోజు అక్క తిట్టిన తిట్లకు బజారులో ఎద్దులబండి ఆగిపోయింది. తర్వాత వారాల తరబడి ఆ పుండుకు తానే కట్టు మార్చింది. ఆ తండ్రి మళ్లీ మళ్లీ తిట్లు తింటూనే వచ్చిపోయేవాడు.

చదువుకున్నవాళ్లు ఇంతకంటే మేలనుకుంటే పొరపాటు. బెంగుళూరులో ఉద్యోగాలు చేసే భార్యాభర్తలు పురిటికి పుట్టింటికి వచ్చి బిడ్డను చూపించారు. నుదుటి మీద, పై రెప్ప మీద సపాటుగా ముదురెరుపు మచ్చ. ఎర్రమచ్చలు వాటంతట అవే పోతాయని ఫోన్‌లో చదివామన్నారు. "మీరు చదివింది ఉబ్బే మచ్చ సంగతి. ఇది సపాటు మచ్చ. ఇది పోదు, బిడ్డతోపాటు పెరిగి మందమైతాది. రెప్ప మీద ఉండాది గాబట్టి కంటిలో ఒత్తిడి చూపించల్ల, ఫిట్స్ వస్తాయేమో కనిపెట్టల్ల. ఊరికి పోతానే పెద్దాసుపత్రిలో చూపించండి" అంది అక్క. భయపెడుతున్నారంటూ వాళ్లు నొచ్చుకున్నారు. చూపించారా లేదా అని, వాళ్లు ఎత్తకున్నా ఆమె ఫోన్ చేసి చేసి విసిగించింది. చివరికి ఆమె పోరు పడలేక చూపిస్తే కంట్లో ఒత్తిడి ఎక్కువే ఉందని తేలింది, సకాలంలో వైద్యం జరిగింది. కృతజ్ఞతగా మిఠాయి పొట్లం పంపారు. "మూడోసారి ఫోన్ ఎత్తినా చాలుండె" అని ఆమె ఆ పొట్లాన్ని నా అంగట్లో పడేసి పైకి పోయింది.

ఇవన్నీ ఒక ఎత్తు, నరసింహులు కథ ఒక ఎత్తు. ఆయనది తనకల్లు పక్క పల్లె, చెనక్కాయ, అదే వేరుశనగ, పండించే రైతు. ఆయన, కోడలు అరుణ, ఆమె ఒళ్లోని రెండు నెలల ఆడబిడ్డ దగ్గుకు మందు కోసం వచ్చారు. నేను కాఫీ ఇవ్వడానికి పైకి పోయి అక్కడే ఉన్నాను. బిడ్డ ఎడమ కనుబొమ నుంచి రెప్ప దాకా ఉబ్బిన ఎర్రమచ్చ. దాని మీద పొద్దున దిద్దిన కుంకుమ, ముసలాయన దాన్ని కొళాయి దగ్గర కడగనివ్వలేదు. బరువుకు రెప్ప వాలి కన్ను సగానికి పైగా మూసుకుపోయింది.

"ఈ మచ్చ ఎప్పట్నుంచి ఉండాది?" అని అక్క అడిగింది.

"మచ్చ అనొద్దమ్మా. అది మా ఇంటామె బొట్టు" అన్నాడు నరసింహులు.

మా వైపు కొన్ని ఇళ్లలో ఒక నమ్మకం ఉంది. ముత్తైదువగా పోయిన ఆడమనిషికి నొసట నిండుగా కుంకుమ పెట్టి సాగనంపుతారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎర్రమచ్చతో ఆడపిల్ల పుడితే, ఆమే బొట్టుతో తిరిగి వచ్చిందంటారు. నరసింహులు భార్య లక్ష్మమ్మ అంతకు ముందు ఏడే పోయింది. బిడ్డకు లక్ష్మి అని పేరు పెట్టుకున్నారు. రోజూ పొద్దున్నే తాత స్వయంగా ఆ మచ్చ మీద కుంకుమ దిద్దుతాడట.

అక్క తన పాఠం మొదలుపెట్టింది. "పెద్దాయనా, ఇది నెత్తురు నాళాల గడ్డ. పెరుగుతాండాది. పసిబిడ్డ కన్ను తెరిచి చూస్తేనే చూపు నేర్చుకుంటాది. మూసుకొనిపోయిన కంటిని మెదడు మర్సిపోతాది. రేపు గడ్డ దానిపాటికి తగ్గినా ఆ చూపు రాదు. మందు ఈ పొద్దే మొదలుపెట్టల్ల."

"మందేస్తే ఏమైతాదమ్మా?"

"గడ్డ కరిగిపోతాది, ఎరుపు పోతాది."

ముసలాయన లేచి నిలబడ్డాడు. "బొట్టుతో పోయిన మనిషమ్మా ఆమె. నేను బతికుండంగా నా చేత్తో ఆమె బొట్టు చెరపమంటావా?" అన్నాడు.

అక్కకు కోపం వచ్చింది. గుడ్డిదాన్ని చేసి కుంకుమ దిద్దుకుంటారా అంది. మూఢులంది. ఇంకా ఏవేవో అంది. ఆయన చేతులు జోడించి, కోడలిని పద అన్నాడు. పోతూ పోతూ అరుణ తలుపు దగ్గర ఆగి, మామ వినకుండా అక్కతో ఒకే మాట చెప్పింది. "ఆ కంటి పక్కన్నుంచి నేను పిలిస్తే బిడ్డ నన్ను చూడ్డం ల్యాదమ్మా."

వాళ్లు మెట్లు దిగారు. అక్క చెప్పులైనా వేసుకోకుండా గబగబా దిగి, మా అంగడి ముందు వాళ్లను ఆపింది. నేను వెనకనే దిగాను, ఇంకొక గొడవ తప్పదనుకున్నాను.

"పెద్దాయనా, మీ ఇంటామె కుంకం యాడ కొనేది?"

"ఇంగ్యాడమ్మా, మీ నాయన అంగట్లోనే. తిరునాళ్లకు వచ్చినప్పుడంతా."

"నేను ఆ అంగట్లో పుట్టిన బిడ్డను. కుంకం సంగతి నాకు తెలుసునా ల్యాదా?"

"తెలుసు తల్లీ."

"బొట్టు నొసట పెట్టుకుంటారా, కంటి మీద పెట్టుకుంటారా?"

"నొసటనే."

"మరి ఈ బిడ్డకు యాడుండాది?" ఆయన జవాబు కోసం ఆగకుండా అక్క మళ్లీ అడిగింది. "ఎండలో కలుపు తీస్తా ఉంటే చెమటకు బొట్టు జారి కంట్లో పడిందనుకో, మీ ఇంటామె ఏం చేసేది?"

"కొంగుతో తుడుసుకునేది."

"అది బొట్టు చెరుపుకున్నట్లా?"

"కాదు."

"ఇదీ అంతే. ఇది జారిన కుంకం. మిమ్మల్నందర్నీ చూడల్లని ఇంతదూరం తిరిగొచ్చిన మనిషిని కన్ను తెరవనీయకుంటే ఎట్లా?"

నరసింహులు బిడ్డ ముఖాన్ని తన వైపు తిప్పుకుని చాలాసేపు చూశాడు. తుండుగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. బిడ్డను అక్క చేతుల్లో పెట్టి, "తుడ్సమ్మా" అన్నాడు.

ఈ కథ విన్నవాళ్లంతా అక్క సమయస్ఫూర్తిని వేనోళ్ల కొనియాడారు. ఆమె మాత్రం ఆ రోజు అన్నం తినలేదు. "ఇన్నేండ్లు నిజం చెప్తే ఒక్కరన్నా విన్యారా? ఒక్క అబద్ధం చెప్తే బిడ్డను తెచ్చి చేతిలో పెట్టినాడు. ఇంగ నేను చదివింది దేనికిరా?" అని నన్ను నిలదీసింది. నేనేదో చదివించినట్లు! అబద్ధమాడని మనిషి కావడం వల్ల ఆ ఒక్కటీ ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

కథ అంతటితో అయిపోతే ఇంకేం! ఆ గడ్డకు వాడేది ప్రొప్రనలాల్ అనే మందు. పెద్దలకు బీపీకి, గుండెదడకు ఇచ్చేదే. మొదటి మోతాదులు తన కళ్లెదుటే వేసి, గంటల తరబడి బిడ్డ గుండె వేగం చూసి పంపింది. ఊళ్లో ఎవరో ఆ సీసా చూసి, ఇది ముసలోళ్లకిచ్చే బీపీ మందు, పసిబిడ్డకు పోస్తే గుండె ఆగిపోతుందన్నారు. నరసింహులు మందు ఆపించాడు. అరుణ చాటుగా ఫోన్ చేసింది. మిట్టమధ్యాహ్నం ఎండలో అక్క ఆటో కట్టించుకుని తనకల్లు దాటి ఆ పల్లెకు పోయింది. నన్నూ లాక్కుపోయింది. వీధిలో నిలబడి, "బీపీ మందే! ఎవరు కాదన్యారు? అదే మందు కొలత తగ్గించి ఇస్తే గడ్డలో నాళాలు ముడుచుకుంటాయి. పాలు తాగినంకనే వేయండి. బిడ్డ పాలు తాగకున్యా, వాంతి చేసుకున్యా ఆ పూట ఆపి నాకు ఫోన్ చేయండి. ఎవుడో చెప్పినాడని మాత్రం ఆపితే నేను ఊరుకోను" అని అరిచింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆమెకు మాట రాలేదు, గొంతు పూర్తిగా పోయింది.

వారాలు గడిచేసరికి ఎరుపు పలచబడింది, రెప్ప లేచింది. వెనకబడిన కంటికి పని చెప్పడానికి కంటి డాక్టరు బాగున్న కంటికి రోజూ కాసేపు పట్టీ వేయమంటే, బాగున్న కన్ను మూయమంటారేమిటని మళ్లీ ఊరంతా పంచాయితీ. అక్క మళ్లీ అరిచింది. చివరికి ఆ బిడ్డ రెండు కళ్లతోనూ లోకాన్ని చూసింది.

అసలు విడ్డూరం ఆ తర్వాత మొదలైంది. కుంకుమ అంగడి డాక్టరమ్మ మచ్చ చూసి, అది బొట్టో, జారిన కుంకుమో చెబుతుందని పల్లెపల్లెకూ పాకింది. సోమందేపల్లె నుంచి కూడా రాసాగారు. మొదటి వారాల్లోనే తెండి అని ఇన్నేళ్లు మొత్తుకున్నా రాని జనం, ఇప్పుడు బాలింత చెవుల్లో దూది తీయకముందే బిడ్డను ఎత్తుకుని వచ్చి, "మా జేజేనా చూడమ్మా" అని పోయిన అవ్వల పేర్లు చెప్పి మెట్ల మీద వరస కట్టారు. "నేను డాక్టర్నా, సోదమ్మనా?" అని ఆమె తల పట్టుకునేది. ఎట్లాగో ఒకట్లా తొందరగా వస్తున్నారు కదక్కా అంటే, "నోరు మూసుకొని కుంకం అమ్ముకో పో" అనేది. కానీ ఒక్కరినీ తిప్పి పంపలేదు. మొదట వాళ్ల భాషలో తీర్పు చెప్పేది, తర్వాత తన భాషలో మందు చెప్పేది. ఆ తీర్పు చెప్పే ప్రతిసారీ ఆమె ముఖం వేపాకు నమిలినట్లుండేది.

ఆమె పార్థివదేహాన్ని అంగడి ముందు ఉంచినప్పుడు అరుణ వచ్చింది. నరసింహులు చేయి పట్టుకుని లక్ష్మి కూడా వచ్చింది. ఇప్పుడు బడికి పోతున్న పిల్ల. ఎడమ రెప్ప పైన చర్మం కొంచెం ముడత పడి ఉంది, అంతే. అరుణ నేరుగా నా అంగట్లోకి వచ్చి గుప్పెడు కుంకుమ తీసుకుంది. పెళ్లి కాని మనిషికి అంత బొట్టేమిటని మా బంధువులావిడ ఒకామె సణిగింది. అరుణ వినిపించుకోలేదు. అక్క నుదుటికి నూనె రాసి, నిండుగా, గట్టిగా అదిమి కుంకుమ పెట్టింది.

"ఏందమ్మా ఇది? ఆమెకు ఇట్లాంటివి గిట్టవని తెలుసు గదా" అన్నాను.

"గుర్తు కోసరం అన్నా. మళ్లా పుడితే కనుక్కోవల్ల గదా" అంది. తర్వాత కళ్లు తుడుచుకుంటూ, "నడినొసటనే పెట్టినాలే. కంటికి, ముక్కుకు, నోటికి దూరంగా. మందు అక్కర ల్యాకుండా" అంది.

అక్కకు ప్రాణముంటే ఆ క్షణాన లేచి కూర్చుని, ఇన్నేళ్లు నేర్పితే నేర్చుకున్నది ఇదా అని అరిచి ఉండేది. నాకు అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది. ఏ మచ్చ ఎక్కడుంటే ప్రమాదమో ఆ పిల్లకు ఒక్క అక్షరం పొల్లుపోకుండా వచ్చేసింది. ఆమె తర్వాత వచ్చిన ఆడవాళ్లంతా వరసగా నడినొసటనే అద్దారు. కాష్ఠం దగ్గరికి పోయేసరికి నా అక్క నుదురంతా ఎర్రగా ఉంది.

మొన్న ఒక దంపతులు నెల బిడ్డతో మెట్లెక్కి, తాళం చూసి దిగి వచ్చారు. డాక్టరమ్మ పోయిందని చెప్పాను. వాళ్లతో వచ్చిన అవ్వ బిడ్డను నా ముందుకు చాపి, "అయితే ఈ బిడ్డ ఆమేనేమో చూడప్పా" అంది. బిడ్డ పుట్టి నెలైంది, మా అక్క పోయి ఇంకా నెల కాలేదు, లెక్క కుదరదు అని చెప్పబోయి మానుకున్నాను. ముందు కొళాయి దగ్గర ముఖం కడగమన్నాను. కాటుక పోయాక కనిపించింది. కింది పెదవి మీద ఉబ్బెత్తు ఎర్రమచ్చ. నాకు వైద్యం రాదు. ఆమె మాటలు మాత్రం వచ్చు. పెదవి కాడ వస్తే కాసుకొని కూర్చోకూడదు.

"మా అక్కే అయితే మిమ్మల్ని ఇంతసేపు ఈడ నిలబడనిచ్చేదా? అనంతపురం పెద్దాసుపత్రికి పొండి. ఈ పొద్దే" అన్నాను.

"రేపు అమాసన్నా. వచ్చే వారం చూస్తాములే" అన్నాడు తండ్రి.

ఆ తర్వాత నేనేమన్నానో నాకు పూర్తిగా గుర్తులేదు. బజారు మొత్తం తిరిగి చూసింది. బిడ్డ జడుసుకుని ఏడ్చింది. వాళ్లు బిత్తరపోయి బస్టాండు వైపు నడిచారు, బస్సు ఎక్కేదాకా నేనూ వెంటపడి పోయాను. ఆ మేడ మీదికి రేపు ఇంకొక డాక్టరు రావచ్చు, మంచివాడే రావచ్చు. చెప్పులు లేకుండా మెట్లు దిగి జనం వెంటపడేవాళ్లు మాత్రం ఈ ఊరికి మళ్లీ దొరకరు. వచ్చే వారం చూస్తాములే అన్నందుకు ఆ రోజు నేను తిట్టిన తిట్లలో సగం ఆ తండ్రివి. మిగతా సగం నీవేనక్కా, నీ పాదాలకు మొక్కి చెబుతున్నాను.